మస్తాన్ పునాది గుంటలో బయటపడ్డ పొయ్యి

కరోనా తగ్గిన మరుసటి ఏడు, వేసవి. ఐరాల దగ్గర, ఏటికి కాస్త దూరంలో ఉన్న తన చేనులో మస్తాన్ ఇల్లు మొదలుపెట్టాడు. కాణిపాకంలో స్టీలు సామాన్లు అమ్ముకునే మనిషి. పిల్లలు బాడుగ ఇళ్లలోనే పెద్దవాళ్లయ్యారు. పిల్లర్లకు గుంటలు తవ్వే పని నాకూ మా ఆయనకూ ఇచ్చాడు. ఆ పనే మా బతుకు.

మూడో గుంటలో నడుము లోతు నల్లమట్టి. దాని కింద తెల్లటి ఏటి ఇసుక, మళ్లీ మట్టి, మళ్లీ ఇసుక. ఆ అడుగు ఇసుక తోడుతుంటే పార రాయికి తగిలింది. చేత్తో తుడిచాను. మూడు రాళ్ల పొయ్యి! మసి కూడా పోలేదు. మీద మట్టిచట్టి పగిలి అట్లాగే కూర్చుని ఉంది. చట్టి దించుకునే తీరిక కూడా లేక ఏ తల్లి పరుగెత్తిందో!

"మస్తాన్ భాయ్, ఈడ ఎవురో కాపురం చేసినారు!" అని కేక వేశాను.

తిరుపతి నుంచి వచ్చిన ఒక మేడం ఆ రోజుల్లో ఏటి ఒడ్డున తిరుగుతుండేది. ఏరు మోసుకొచ్చి పేర్చిన మట్టినీ ఇసుకనూ సెడిమెంట్ అంటారట, ఆమె చదువు దాని మీదే. పిలవగానే వచ్చి, గుంట గోడలోకి ఇనుప గొట్టాలు దిగగొట్టి, ఇసుకతో సహా లాగి నల్లగుడ్డలో చుట్టేసింది. ఇట్లా కాలం లెక్కగట్టడాన్ని డేటింగ్ అంటారట. ఇసుక రేణువు చివరిసారి ఎండ చూసి ఎంతకాలమైందో ల్యాబులో తేలుస్తారట. మధ్యలో వెలుతురు తగిలితే లెక్క చెడుతుందట.

"మా ఇంటామె వయసు గూడా తేల్చండి మేడం, ఎప్పుడడిగినా ముప్పై ఐదే అంటాండాది," అన్నాడు మస్తాన్. నవ్వాం. అతని చూపు మాత్రం పొయ్యి మీదే ఉంది. "ఇదంతా రాజుల కాలందే కదా?"

"తెలిసేదాకా పిల్లర్లు లేపొద్దు," అందామె.

ఊళ్లోవాళ్లు "ఇసుకనడిగి ఇల్లు కడతాడంట" అని ఎగతాళి చేసినా మస్తాన్ ఆగాడు.

దీపావళి దాటాక మేడం వచ్చింది. "కింది ఇసుక చాలా పాతది. పై ఇసుక మాత్రం మీ తాత పడుచువాడుగా ఉన్న రోజులది, కాస్త అటూ ఇటుగా. ఏరు పొంగి ఈ చేలోకి రెండుసార్లు వచ్చింది."

మస్తాన్ గట్టు మీద కూలబడ్డాడు. "మా తాత కండ్లారా సూసుంటాడే! మా నాయనకు ఒక్క మాట చెప్పలేదే! మల్లా రాదు కదా మేడం?"

"రాదని నేను చెప్పలేను."

నావైపు తిరిగాడు. "పూడ్చెయ్ రత్నమ్మక్కా."

ఇల్లు చేను చివర, రోడ్డు పక్క మిట్ట మీద కట్టుకున్నాడు. అనుకున్నవి నాలుగు గదులు, అక్కడ పట్టినవి రెండే.

అంతకుముందు నేను మట్టి గట్టిదా మెత్తనిదా అనే చూసేదాన్ని. ఇప్పుడు మట్టి కింద ఇసుక, ఇసుక కింద మట్టి చారలుగా కనిపిస్తే పార ఆపి ఇంటివాళ్లను పిలుస్తాను. "తవ్వమంటే జాతకం చెప్తావేమక్కా?" అని కసురుకుంటారు. "ఒకసారి దిగి సూడు సామీ," అంటాను.

దిగినవాళ్లెవరూ గబుక్కున పైకి రాలేదు.