ఓడలో ప్రాపులు

మా మరిది పోయాడన్న కబురు మొన్న పొద్దున్నే దవాఖాన నుంచి వచ్చింది. రాష్ట్రం వచ్చిన సంబరానికి కాల్చిన పటాకుల కాగితాలు గోదావరిఖనిలో మా వీధిని ఇంకా వదలలేదు. వాటి మీదుగానే అతన్ని తీసుకుపోయారు. పలకరింపుకు వచ్చినవాళ్ళలో ముగ్గురు "గొప్ప కళాకారుడు" అన్నారు. ఆ ముగ్గురూ అతని చెక్క ఓడలను చూసినవాళ్ళు కారు. నేను పదకొండూ చూశాను. ఒక్కదానికీ తెరచాప కొయ్య నిటారుగా లేదు.

మా మరిది గనిలో టింబర్‌మన్. బొగ్గు తీసేచోట పైకప్పు కూలకుండా కర్ర ప్రాపులు నిలబెట్టడం, బొగ్గు అయిపోయాక వాటిని పడగొట్టుకుంటూ వెనక్కి రావడం అతని డ్యూటీ. రిటైరయ్యాక తోటివాళ్ళు కమాన్‌పూర్ వైపు భూములు కొనుక్కుని సాగు చేసుకున్నారు. ఇతను క్యాలెండరు మీద తెరచాపల ఓడ బొమ్మ చూసి, అటువంటిది చేస్తానని కూర్చున్నాడు. సముద్రం మొహం చూసిన మనిషి కాదు. అరవై ఏళ్ళవాడు ఆటబొమ్మ ముందేసుకుని, ఇల్లంతా రంపపు పొట్టు చేసి, పాత పంచె చింపి తెరచాపలు కుట్టుకుంటుంటే నాకు ఒళ్ళు మండేది. పని లేనితనానికి ఓపిక అని పేరు పెట్టడం నాకు చేతకాదు.

పక్క వీధిలో ఉండే కాకినాడ ఇంజనీరుగారు ఓడలు చేసే పద్ధతి ఉన్న ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఇచ్చారు. చదివి చెప్పేవాళ్ళు కావాలి. బడిలో ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని నేనొకదాన్ని ఉన్నాను కదా. అలా ఆదివారం మధ్యాహ్నాలు ఈ పని నాకు తగులుకుంది. నేను కొలతలు అంగుళాల్లో చదివేదాన్ని. అతను కొలబద్ద ముట్టేవాడు కాదు. చెక్కను వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు.

"కొలువు" అనేదాన్ని.

"కర్ర చెప్తది వదినె."

"కర్ర చెప్పేదుంటే నన్నెందుకు కూసోబెట్టినవ్?"

"నువ్వు తిట్టకుంటె పని నడువది."

పదకొండో ఓడ మూరన్నర పొడవు. దాని పై చెక్క మూసేముందు, లోపలి గదిలో బొటనవేలంత లావు ప్రాపులు నిలబెట్టాడు. ఒక్కోదాని నెత్తిన చిన్న పలక, ఆ పలక కింద బిగువుకు చీల. మొత్తం ముప్పై రెండు. పుస్తకంలో అటువంటివి ఒక్కటీ లేవు. ఇంజనీరుగారు చూసి కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వారు.

"ఓడకి గండం కిందనుంచండీ. పైనుంచి ఏం పడుద్దని, ఆకాశమా?"

"పడదని ఎవలు చెప్పిండ్రు సార్?" అన్నాడు మా మరిది.

నేను నవ్వలేదు. నా భర్త పోయింది గనిలో పైకప్పు కూలి. ఆ రోజు అక్కడ ప్రాపులు పడగొట్టింది ఈ తమ్ముడే. సుత్తి ఎత్తేముందు టింబర్‌మన్ మూడుసార్లు కేక వేయాలి, లోపలివాళ్ళంతా బయటికి వచ్చారని చూసుకోవాలి. అది వాళ్ళ కట్టుబాటు. పిలిచాడా, లేదా? ఇరవై ఆరేళ్ళు నేను అడగలేదు, అతను చెప్పలేదు. అతను చేసే ఏ పని మీదా నాకు గౌరవం కుదరకపోవడానికి కారణం అదే. అది దాచి అతని గురించి నాలుగు మంచి మాటలు రాస్తే అబద్ధమవుతుంది.

పోయిన చలికాలం నుంచి అతనికి ఊపిరి చాలడం లేదు. ఒక్క ఓడనైనా నీళ్ళలో తేలగా చూడాలని పట్టుబట్టాడు. నీళ్ళ తొట్టిలో వదిలితే పదకొండోది పై చెక్క దాకా మునిగింది. బరువు లోపలి ప్రాపులదేనని, అవి తీసేయాల్సిందేనని ఇంజనీరుగారు చెప్పారు. మా మరిది రెండు వారాలు దాన్ని ముట్టలేదు. ఒక ఆదివారం పై చెక్క విప్పి, గనిలో లాగానే దూరపు కొసనుంచి ప్రాపులు తీయడం మొదలుపెట్టాడు.

"వదినె, జర దూరం జరుగు."

"బొమ్మ ఓడకు గూడ జరగాల్నా?"

"జరుగు."

జరిగాను. చిన్న సుత్తితో చీల కొట్టడం, పట్టకారుతో ప్రాపు బయటికి తీయడం. పన్నెండోది తీశాక ఆగాడు. తల ఎత్తలేదు.

"ఆ దినం రెండుసార్లే పిలిచిన. అన్న వస్తుండనుకున్న. మూడోసారి పిలువకుంటనే కొట్టిన."

నేను పుస్తకం మూశాను. పోనీలే అనలేదు. అది పోయేది కాదు.

"ఇంకెన్ని ఉన్నయ్?" అన్నాను.

"ఇరవై."

"తియ్యి. సగంల ఆపకు."

తీశాడు. నేను లేచి పోలేదు.

వదిన క్షమించిందని ఎవరూ చెప్పుకోవద్దు. కానీ అడగనిదానికి జవాబు చెప్పకుండానే పోయే వీలు అతనికి ఉండింది. చెప్పి పోయాడు. అందుకు నాకు కృతజ్ఞత ఉంది. ఆ మాట అతనితో అనలేదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

తరువాతి ఆదివారం ఓడను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో గోదావరికి వెళ్ళాం. మోకాలి లోతు నీళ్ళలోకి దిగి వదిలాడు. మునగలేదు. చిన్న గాలికి పంచె తెరచాపలు నిండి, ఓడ మెల్లగా కదిలింది. అతను పక్కనే నీళ్ళలో నడిచాడు, దగ్గుకుంటూ, రెండు అరచేతులూ చాపి. మునగకుండా పట్టుకునేవాళ్ళు చేతులు కింద పెడతారు. అతను చేతులు ఓడకు పైన ఎత్తి పట్టి నడిచాడు.