నానమ్మ నడిచే సందు

నా చిన్నప్పుడు మరమగ్గాల ఊరు నాగావ్‌లో మేముండే వరసగదుల చాల్‌కు మరుగుదొడ్లు సందు చివర ఉండేవి. ఒక వానాకాలం మా నానమ్మ అక్కడికి వెళ్తూ జారిపడింది. ఎముక అతుక్కుంది గానీ మోకాలు మళ్లీ వంగలేదు. అప్పటినుంచి ఆవిడ నీళ్లు తాగడం తగ్గించేసింది. అమ్మ గ్లాసు అందిస్తే రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేది. వయసు మీద పడిందని అందరం అనుకున్నాం.

మా చిన్నాన్న మిలిటరీలో పనిచేసేవాడు. మీసాలు రాకముందే చేరి, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు. సెలవు మీద వచ్చాడంటే ట్రంకు పెట్టె మంచం కిందకు తోసి, ఇంట్లో ఏది ఊగుతోందో, ఏది కారుతోందో చూసుకుంటూ తిరిగేవాడు. యుద్ధం సంగతులు అడిగితే నవ్వి, పానా అందివ్వమనేవాడు.

ఆసారి వచ్చిన మర్నాడే నానమ్మ పెదవులు ఎండిపోయి ఉండడం గమనించాడు.

"నీళ్లెందుకు తాగుతలేవే అవ్వా?" అని తల్లిని అడిగాడు.

"దూప అయితలేదు బిడ్డా" అంది నానమ్మ.

ఆయన బయటికొచ్చి నన్ను పిలిచి, నా మోకాలి వెనుక రూళ్లకర్ర పెట్టి, తువ్వాలుతో బిగించి కట్టాడు.

"మీ నానమ్మ నీ అంతనే ఉంటది. గా కొసదాక పోయి రా. ఎక్కడ భయమైతదో అక్కడ గోడ పట్టుకో" అని, సుద్దముక్కతో నా వెనకే నడిచాడు.

నేను రోజూ పరుగెత్తే సందు అది. ఆ రోజు మోరీ మీది బండ దగ్గరే ఆగిపోయాను. దాటాలంటే ఒంటికాలి మీద నిలబడాలి. పట్టుకోవడానికి ఏమీ లేదు. నా చెయ్యి చాచిన చోట గోడ మీద చిన్నాన్న గీత గీశాడు. మరుగుదొడ్డి లోపల మరీ కష్టమైంది. ఎలాగో కూర్చున్నాను గానీ లేవలేక ఏడుపొచ్చింది.

"చిన్నాయినా, లేవస్తలేదు!" అని అరిచాను.

ఆయన తలుపు కిందనుంచి సుద్దముక్క తోశాడు. "చెయ్యి ఏడికి పోతున్నదో గాడ గీత గియ్యి."

గీత గీసి, గోడను పాకుతూ లేచాను. నానమ్మ ఈ కష్టమంతా ఎవరికీ చెప్పకుండా పడుతోందని, నీళ్లు మానేసింది అందుకేనని నాకు అప్పుడు తెలిసింది.

నాన్న బట్ట నేసే సాంచాలు నడిపే కార్ఖానాలో మూలన పడున్న ఇనుప పైపులు అడిగి తెచ్చి, చిన్నాన్న గీతలున్న చోటల్లా గోడకు బిగించాడు. సిమెంటు గట్టిపడ్డాక ఒక్కో పైపునూ పట్టుకొని, కాళ్లు పైకి ముడుచుకొని వేలాడాడు. ఒకటి ఊడి, దబ్బున కింద పడ్డాడు. సందులోవాళ్లు నవ్వారు.

"నేను పడ్డది మంచిదే గదా, అవ్వ పడలే" అని దుమ్ము దులుపుకొని మళ్లీ సిమెంటు కలిపాడు.

అన్నీ గట్టిపడ్డాక నానమ్మ ఒక్కతే ఆ సందులో వెళ్లి వచ్చింది. మంచం మీద కూర్చొని, "కొన్ని నీళ్లు తే బిడ్డా" అంది. గ్లాసు ఖాళీ చేసి ఇంకో గ్లాసు అడిగింది. చిన్నాన్న మొహం పక్కకు తిప్పుకొని, పానాకు అంటిన సిమెంటు గీకసాగాడు.

కష్టంలో ఉన్నవాళ్లను ఏం కావాలని అడిగితే ఏమీ వద్దనే అంటారు. అందుకే వాళ్ల దారిలో నేనొకసారి నడిచి చూస్తాను. ఈమధ్య మా ఆయనకు కంటి ఆపరేషన్ అయితే, ఇంటికి తెచ్చే ముందు ఒక కంటికి గుడ్డ కట్టుకొని గదులన్నీ తిరిగాను. స్టూలు కాలికి తగిలితే తీసి మూలన పెట్టాను. మా మనవరాలు కాసేపు నవ్వింది. తర్వాత తనూ ఒక కన్ను మూసుకొని నా వెంట నడిచింది.