రెడ్డెమ్మక్క విన్న రేడియో

మొన్న కువైట్‌లోని ఖైతాన్‌లో ఒక మసాలా కొట్టు ముందు నిలబడి ఫోన్ చూసుకుంటున్నాను. కొట్టువాడు ఎండు నిమ్మకాయల్ని రోట్లో వేసి చితక్కొట్టాడు. ఆ పుల్లటి, కాస్త పొగచూరిన వాసన తగలగానే నా బొటనవేలు ఫోన్ మీదే ఆగిపోయింది. ఆ వాసన నాకు ఒక్క మనిషిదే. రెడ్డెమ్మక్కది.

ఇరవై మూడేళ్ల వయసులో హైదరాబాద్ నుంచి వచ్చి ఒక కువైటీ ఇంట్లో డ్రైవర్‌గా చేరాను. ఆ ఇంట్లో వంట ఆమెది, కూరల్లో ఆ ఎండు నిమ్మకాయలే చితక్కొట్టి వేసేది. రాయచోటి దగ్గర పల్లె. నేను పలక పట్టుకునే రోజుల్లోనే, మూడేళ్ల కూతుర్ని తల్లి దగ్గర వదిలి వచ్చేసిందట. ఆ ఇంట్లో తెలుగు తెలిసింది మా ఇద్దరికే. చేరిన వారానికే, మేం మామా అని పిలిచే యజమానురాలు బండి సరిగ్గా కడగలేదని నా మీద అరిచింది. నేను వంటగదిలోకి వచ్చి బండి తాళాలు గోడకేసి కొట్టాను. అక్క ఉల్లిపాయలు తరుగుతూనే ఉంది.

"గోడకేసి కొడితే బండి కడుక్కుంటాదా? ఎత్తుకోని పో నాయనా, మామా సూడకముందే" అంది.

తాళాలు ఎత్తుకున్నాను. ఆ ఇంట్లో నేను తగ్గింది ఆమె ఒక్కదాని దగ్గరే.

కూతురు నాగవేణి ఆమెతో మాట్లాడేది కాదు. పిల్ల పుష్పవతి అయినప్పుడు వస్తానని అక్క మాటిచ్చింది, వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, సెలవివ్వలేదు. తర్వాత ఎప్పుడో వెళ్తే, "నీ ఫోనొస్తే అవ్వకిస్తా, నాకొద్దు" అందట ఆ పిల్ల. ఒకరోజు అక్క తల్లి ఫోన్‌లో చెప్పింది: నాగవేణి వాళ్ల దగ్గరి చిన్న రేడియో స్టేషన్లో ఆడవాళ్ల కార్యక్రమం చేస్తోందని, చుట్టుపక్కల పల్లెలన్నీ వింటున్నాయని.

"ఆ కొండ దాటితే రాదంట. ఇంగ ఈడికేమొస్తాది" అని అక్క గిన్నెలు తోముకోసాగింది.

నేను ఫోన్ తీసి వెతికాను. పది నిమిషాల్లో దొరికింది. కార్యక్రమాలన్నీ పాడ్‌కాస్ట్‌గా పెడుతున్నారు.

"అంటే ఏంది?"

"రేడియోనే అక్కా. గీనికి కొండలు అడ్డం రావు."

ప్రతి గురువారం మధ్యాహ్నం ఇల్లంతా భోంచేసి పడుకున్నాక ఇద్దరం వినేవాళ్లం. శబ్దం పెరగాలని అక్క ఫోన్‌ను స్టీలు గిన్నెలో నిలబెట్టేది. నాగవేణి గొంతు కాస్త బొంగురు. ఎవరింట్లో కాకర విత్తనాలున్నాయో, ఏ ఊళ్లో ఆవు తప్పిపోయిందో చెప్పేది. మధ్యలో ఒక వ్యవసాయాధికారి చీడపీడల గురించి పావుగంట మాట్లాడేవాడు. విసుగొచ్చి ముందుకు జరపబోతే అక్క నా చేతిమీద కొట్టింది.

"ఆయప్ప మాట్లాడేటప్పుడు గూడా అది ఆడనే కూర్చోనుంటాది గదా."

అప్పుడు విన్నాను. అధికారి మాటల వెనకాల ఎక్కడో ఒక చిన్న దగ్గు, కాగితం తిప్పిన చప్పుడు. అక్క దానికోసమే వంగి కూర్చుంది. పక్కనే ఉన్న నాకు, ఒక మనిషి ఎంత ఒంటరిగా ఉండగలదో ఆ రోజే అర్థమైంది.

తప్పు నాదే. ఒకరోజు అక్క ఊరికి ఫోన్ చేస్తే అవతల్నుంచి "నేను లేనని చెప్పవ్వా" అన్న ఆ బొంగురు గొంతు నాకూ వినిపించింది. అక్క ఫోన్‌ను కొంగుతో తుడిచి పక్కన పెట్టింది. నాకు మాత్రం నెత్తురు మరిగింది. కార్యక్రమం చివర్లో చెప్పే నంబరుకి వాయిస్ మెసేజ్ పెట్టాను: "ఊరందరితో తియ్యగ మాట్లాడతవ్, కన్నతల్లితోటి మాట్లాడనీకి నోరు రాదా? ఈడ ఆమె నీ దగ్గు కూడా ఇంటున్నది." పంపాక గొప్ప పని చేశాననుకున్నాను.

తర్వాతి గురువారం వేరే అమ్మాయి గొంతు వచ్చింది. ఆ పై వారమూ అంతే. అక్క పిల్లకు జ్వరమేమోనని ఊరికి ఫోన్ చేసింది. ఎవరో కువైట్ నుంచి పంపిన మెసేజ్‌ను స్టేషన్లో అందరి ముందూ వినిపించారట. పిల్ల ఏడ్చి, ఇంక రానని ఇంటికొచ్చేసిందట.

అది పంపింది నేనేనని అక్కడే ఒప్పుకున్నాను. అక్క అన్నం గంజి వార్చి, గిన్నె మూత పెట్టి, అప్పుడు నా వైపు తిరిగింది.

"దాన్ని తిట్టే హక్కు నాకే ల్యా. నీకెవురిచ్చినారు?"

మళ్లీ ఆమే అంది: "మల్లా పంపు. తప్పు నాదని చెప్పు. నా పేరెత్తొద్దు. అమ్మతో మాట్లాడమనొద్దు."

రికార్డు చేశాను. "తప్పు నాదే, కానీ మీ అమ్మ..." అనగానే "తుడిపెయ్" అంది. మళ్లీ చేశాను, మళ్లీ తుడిపించింది. ఎన్నిసార్లో గుర్తులేదు. చివరికి మిగిలింది రెండే మాటలు: తప్పు నాది, క్షమించు. అవే పంపాను. అంతకుముందు నేనెవర్నీ అలా అడిగింది లేదు.

మూడు గురువారాలు అక్క ఆ కొత్త అమ్మాయినే విన్నది. నాలుగో గురువారం బొంగురు గొంతు తిరిగి వచ్చింది. మెసేజ్ ఊసే లేదు. విత్తనాలు, ఆవులు, చీడపీడలు. చివర్లో ఒక్క క్షణం ఆగి, "మా అవ్వకు మోకాలినొప్పి తగ్గింది. ఇంటిముందర బండలు పరిపించినాము. దూరాన ఉండేవాళ్లు దిగులు పెట్టుకోవద్దు" అంది.

నేను ఎగిరి లేచాను. "అక్కా, నీకే చెప్తున్నది! ఫోన్ చెయ్!"

ఆమె నా మణికట్టు పట్టుకుంది. చెయ్యి తడిగా ఉంది. "గమ్మునుండు. అడిగితే ఆగిపోతాది."

ఆ తర్వాత ప్రతివారం చివర్లో ఒకటో రెండో మాటలు వచ్చేవి. మేకకు రెండు పిల్లలు పుట్టాయని, బోరులో నీళ్లు తగ్గాయని. అమ్మా అన్న పిలుపు మాత్రం ఎప్పుడూ రాలేదు. ఏడాదికి అక్క పనికి ఖలాస్ చెప్పి, ఇంక రానని ఊరికి వెళ్లిపోయింది. "పోతే మాట్లాడతదా?" అని అడిగాను. "ఏమో నాయనా. రేడియో ఆఫీసు బయట అరుగుందంట. ఆడ కూర్చుంటా, అది పని ముగించుకోని వచ్చిందాకా" అంది. ఆ పిల్ల బయటికి వచ్చి ఏమందో నాకు తెలియదు. అక్క నంబరు నా దగ్గరుంది. అడగలేదు.

నా కోపం పూర్తిగా పోయిందని చెప్పను. హైదరాబాద్‌లో ఉండే మా అన్నకీ నాకూ పెద్ద గొడవై చాలాకాలం మాటల్లేవు. ఈమధ్య ఆదివారాలు వాడే ఫోన్ చేస్తున్నాడు. గొడవ సంగతి ఎత్తడు. వీధిలోకి నీళ్ల ట్యాంకర్ రాలేదంటాడు, మెట్రో కిక్కిరిసిపోతోందంటాడు. నేను ఊఁ కొడతాను. చెప్పడానికి ఇంకేమీ లేక వాడు ఊరుకున్నాక లైన్లో వాడి ఊపిరి వినిపిస్తుంది. నేను ఏమీ అడగను. ఫోన్ పెట్టెయ్యను కూడా.