వణికే కారూ, శుక్రవారం చేపల పులుసూ

ఏ చిక్కునైనా కాగితం మీద అడ్డగీతలు, నిలువుగీతలు గీసి గళ్ళలో కూర్చోబెడితే సగం తీరినట్టేనని నేను మనసారా నమ్మిన రోజులవి. తొంభైల నాటి మాట. జగిత్యాల నుంచి మెకానికల్ డిప్లొమా చేతపట్టుకుని బహ్రెయిన్ వెళ్ళాను. (మా ఊరి లెక్కలో మాత్రం నేను వెళ్ళింది దుబాయికే. బహ్రెయిన్ వేరే దేశమని మా మేనత్తను ఇప్పటికీ ఒప్పించలేకపోయాను.) మామీర్ అనే చోట మా కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చిన యజమానికి, టైర్ల దుకాణం, దాని వెనక వర్క్‌షాపు ఉండేవి. ఆయన నా డిప్లొమాను అటూ ఇటూ తిప్పి చూసి, చాలా సంతోషించి, నన్ను టైర్ల స్టోరులో కూర్చోబెట్టాడు. గోడకు అవతల స్పానర్ల చప్పుడు, ఇవతల రబ్బరు వాసన మధ్య నేను. పెళ్ళివారి పక్కింట్లో ఉపవాసం ఉన్నవాడికి తెలుస్తుంది ఆ బాధ.

కఫీల్ కొడుక్కి (మేం చాటుగా 'చిన్న కఫీల్' అనేవాళ్ళం) ఎర్రటి స్పోర్ట్స్ కారు ఒకటి ఉండేది. నెమ్మదిగా పోతే పెరుగు మీద మీగడలా కదిలేది. నూట పది దాటిందా, స్టీరింగుకు చలిజ్వరం వచ్చేది. సముద్రం మీది వంతెన దాటి సౌదీలో, దమ్మాంలో ఉన్న చెల్లెలి ఇంటికి తల్లిని ఆ కారులో తీసుకెళ్ళాలని అతని ముచ్చట. ఆవిడ ఒకసారి ఎక్కి, వణుకు మొదలవగానే జపమాల బిగించి పట్టుకుని, ఇది తగ్గేదాకా ఇందులో కాలు పెట్టనని దిగిపోయిందట. అతను నేరుగా స్టోరుకు వచ్చాడు. మా అందరితో మాట్లాడే అరబ్బీ కలిసిన హిందీలో, "శూఫ్ ఇంజినీర్, తుమ్ ఠీక్ కరో, కల్ సే వర్క్‌షాప్. నహీ కరో..." అని చేతులు దులిపి, "స్టోర్ మే హీ ఖలాస్" అన్నాడు. నయం చేస్తే వర్క్‌షాపు, చేయలేకపోతే జీవితాంతం స్టోరే. ఆ క్షణంలో నాకు ఆ కారు కన్నా ఎక్కువ వణుకు పుట్టింది.

వెంటనే కాగితం తీశాను. టైరు వెడల్పు, పక్కగోడ గట్టిదనం, గాలి ఒత్తిడి, రోడ్డు వేడి, ఎంత వేగానికి పనికొస్తుంది, అన్నిటికీ గళ్ళు. పాతవి తీయించి పక్కగోడ గట్టిగా ఉన్న జపాన్ టైర్లు వేయించాను. బిగించింది వర్క్‌షాపులో చక్రాల పని చూసే హైదరాబాద్ చాచా. ఆయన చక్రాన్ని మెషీను మీద తిప్పి, ఏ పక్క తేలికగా ఉందో చూసి, అంచుకు చిన్న సీసం ముక్క తగిలించి, "దేఖో మియాఁ, మెషీన్ జీరో దిఖా రా" అన్నాడు, ఇక అన్ని పక్కలా బరువు సమానమేనని. బ్యాలెన్సింగ్ గడిలో టిక్కు పెట్టాను. (ఒకసారి టిక్కు పెట్టిన గడి వైపు మళ్ళీ చూడటం ఆ రోజుల్లో నాకు అవమానం.) రిఫా దాటి ఎడారి రోడ్డు మీద నూట ముప్ఫైలో పోయి చూశాం. స్టీరింగు మీద టీ కప్పు పెట్టుకోవచ్చు అన్నంత నిలకడ. చిన్న కఫీల్ నా వీపు చరిచాడు. తర్వాతి శనివారం మళ్ళీ వచ్చాడు. వీపు చరచలేదు. రెండు చేతులూ గాల్లో ఆడించి చూపించాడు.

సరే, జపాన్‌ది కాదనుకుని జర్మనీవి వేయించాను. కొన్నాళ్ళు బంగారం, శనివారానికి మళ్ళీ చలిజ్వరం. ఈసారి ఇంకాస్త వెడల్పువి వేయించాను. అదే కథ. నా కాగితం మీద గళ్ళు పెరుగుతున్నాయి, వర్క్‌షాపు దూరమవుతోంది.

ఇక్కడ మా బావ గురించి చెప్పాలి. రక్తసంబంధమేమీ లేదు, కోరుట్ల దగ్గరి మనిషి. ముహర్రక్‌లో మేమున్న గదికి నేను వచ్చిన రోజే "ఏ ఊరు?" అని అడిగి, రెండో మాటకే నన్ను బామ్మర్దిని చేసుకున్నాడు. దుకాణంలో కార్లు కడగడం అతని డ్యూటీ. చిన్న కఫీల్ కారు ప్రతి గురువారం అతని చేతికి వచ్చేది. దానికి మాత్రం ప్రత్యేక సేవ. "చక్రంల మొకం కనవడాలె" అంటూ సొంత పళ్ళపేస్టు పెట్టి మరీ రుద్దేవాడు. శుక్రవారం సెలవు. పొద్దున్నే గాలం పట్టుకుని బుసైతీన్ ఒడ్డుకు పోయి, చేపలు తెచ్చి, చింతపండు పులుసు పెట్టేవాడు. ఆ పులుసు ముందు కూర్చుని నేను వారం వారం ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి.

"బావా, లోపం రబ్బరులోనే ఉంది. ఈ ఎండకు మెత్తబడుతోంది."

"ఉంటది బామ్మర్దీ, ఉంటది. ముల్లు చూసుకొని తిను."

మూడో సెట్టు కూడా మొండికేసిన తర్వాత, దిగులు మరిచిపోదామని ఒక శుక్రవారం నేనూ బావ వెంట ఒడ్డుకు వెళ్ళాను. అతను తలపైన గాలం తాడు గిరగిరా తిప్పి విసరబోతే, అది జారి నా కాళ్ళ దగ్గర పడింది. తాడు చివర బరువుకు కట్టిన ముక్కను తీసి చూశాను. బూడిదరంగు సీసం, దానికో ఇనుప కొక్కెం, మీద గ్రాముల అంకె.

"బావా, గిదెక్కడిది?"

"చిన్న కఫీల్ కారుది. చక్రాలకు అంటుకొని ఉంటయి."

"అంటుకొని ఉండుడేంది? చాచా పెడితే ఉన్నయి!"

"గంత సక్కదనమున్న చక్రానికి పుండు లెక్క గదెందుకు పెడ్తడు? గీకి తీసేస్తున్న. పారేసుడెందుకని గాలానికి కడ్తున్న. ఎన్నిసార్లు పీకినా మల్ల మొలుస్తున్నయి. నేను గూడ పరేషానైతున్న!"

నేను ఇసుకలో కూలబడ్డాను. వేడికి, ఒత్తిడికి, రోడ్డుకు గళ్ళు గీసిన నేను గురువారానికి ఒక్క గడి గీయలేదు. అంతకన్నా ఘోరం, ఆ సీసంతో పట్టిన చేపల్ని ముల్లు కూడా వదలకుండా చీకిందీ నేనే. సంగతి విడమరిచి చెప్పేసరికి బావ ముఖం పాలిపోయింది. ముదిర్‌కు, అంటే మేనేజరుకు, తెలిస్తే వీసా క్యాన్సిల్ చేస్తారని అతని భయం. నాకేమో ఒక దారి కనిపించింది: గుట్టుగా సీసం ముక్కలు పెట్టించి, ఘనత నా టైర్లకు కట్టబెడితే వర్క్‌షాపు నాదే, బావ ఉద్యోగమూ భద్రమే. అదే చెప్పాను.

బావ అప్పటిదాకా పట్టిన షేరీ చేపల్ని పేపర్లో చుట్టాడు. "వద్దు బామ్మర్దీ. రేపు ఇంకేదన్న వణికితే మల్ల అబద్ధం చెప్పాలె. నడువు, నేనే చెప్త. పంపిస్తే పంపిస్తడు."

చిన్న కఫీల్ ఇల్లు అక్కడికి దగ్గరే. తలుపు తీసింది తల్లి. వెనకే కొడుకు. బావ చేపల పొట్లం గడప మీద పెట్టి, దాని పక్కన గాలానికి కట్టగా మిగిలిన సీసం ముక్కలు పేర్చాడు. వచ్చిన అరబ్బీ అంతా చేతులతోనే చెప్పాడు: కారు, చక్రం, పీకడం, విసరడం, చేప. చిన్న కఫీల్ ముఖం ఎర్రబడింది. ఆవిడ ఒక ముక్క తీసుకుని అరచేతిలో తూచింది. పొట్లం విప్పి చేపను చూసింది. కొడుకుతో ఏదో అని, నవ్వడం మొదలుపెట్టింది. గోడ పట్టుకుని నవ్వింది.

ఆవిడ మాటను కొడుకే మాకు హిందీలో చెప్పాడు. ఆవిడ నాన్న ముత్యాల కోసం సముద్రంలో దిగేవాడట. కాలికి బరువు కట్టుకుంటేనే కిందకు నిటారుగా దిగేది, లేకపోతే నీళ్ళలో కొట్టుకులాడటమే. "నీ కారు కాళ్ళ బరువు ఇతను విప్పేశాడు, అది కొట్టుకులాడుతోంది. పాపం, ఇతన్నేమనకు. చేప మాత్రం బాగుంది" అందట. కొడుకుకూ నవ్వాగలేదు. నా వైపు తిరిగి, "మూడుసార్లు టైర్లు మార్చావు, చక్రం అంచు వైపు ఒక్కసారి చూడలేదు. ఇక రోజూ అదే చూడు, యల్లా, పద" అన్నాడు. అలా నాకు వర్క్‌షాపు దొరికింది, చాచా పక్కన, బ్యాలెన్సింగ్ మెషీను దగ్గర.

ఆవిడ దమ్మాం వెళ్ళి వచ్చింది. మాకు ఖర్జూరాలు పంపింది. బావకు మాత్రం గాలానికి కట్టే అసలైన సీసం గుండ్లు ఒక డబ్బా పంపించి, శుక్రవారం చేపల్లో తన వాటా మరిచిపోవద్దని కబురు పెట్టింది.

ఇప్పుడు నా సొంత కారు కాస్త అదిరినా ముందుగా దిగి చక్రం అంచు తడుముతాను. తర్వాత కోరుట్లకు ఫోను చేస్తాను. "మీ గల్లీల గాలమేసెటోడు ఎవడన్న ఉన్నడా సూడు" అని బావ ఫోన్లోనే పొట్ట పట్టుకుని నవ్వుతాడు. ఫోను పెట్టేశాక ఆ ముహర్రక్ గదిలో, పళ్ళెం పక్కన గళ్ళ కాగితం పెట్టుకుని, రబ్బరు మీద ఉపన్యాసం దంచుతున్న బక్కపలచని కుర్రవాడు కనిపిస్తాడు. వాణ్ణి మందలించాలనిపించదు. పక్కన కూర్చుని, ఇంకో ముక్క వడ్డించి, ముల్లు చూసుకొని తిను నాయనా అనాలనిపిస్తుంది.