కాగితంలో లేని నీళ్లు

ఇందుమూలంగా అందరికీ తెలియజేయునది ఏమనగా, ధర్మపురిలోని నా మోటార్ రిపేర్ షాపుకు ఈరోజు సెలవు. షట్టర్ మూసినందుకు ఎవరూ కలెక్టరుకు పిటిషన్ పెట్టవద్దు.

నిన్న పొద్దున అక్క ఫోన్ చేసి, "మీ బావ లేయలేదురా" అంది.

ఇన్నేళ్లు ఆటపట్టించినందుకు బావ నా మీద పగ తీర్చుకుంటున్నాడనుకున్నాను.

"ఈ నాటకాలు నా కాడ వద్దని చెప్పుక్కా" అన్నాను.

"నిద్రలోనే పోయినాడురా" అంది అక్క.

మా బావ చెట్టికరైలో ఇంజినీరింగ్ పిల్లలకు ఇంగ్లీషులో రాయడం నేర్పేవాడు. మెషిన్ ఎలా బిగించాలి, ఎలా నడపాలి, అదీ రాత.

ఆయన పద్ధతి వేరు. పిల్లలు రాసిన కాగితం నాకిస్తాడు. నేను చదివింది ఏడో క్లాసు. కూడబలుక్కుని చదివి, అందులో ఉన్నంతే చేయాలి. పని జరిగితే పాస్.

"నీ తెలివి ఇంట్లో పెట్టి రారా" అనేవాడు.

"మా ఇంటి తెలివిని అక్క పెండ్లప్పుడే మీకు పంపిచ్చేసినాము బావా."

ఒకసారి మారండహళ్ళి రైతు బిడ్డ వచ్చింది. ఫైనల్ ఇయర్. ఈ సబ్జెక్టులో అప్పటికే రెండుసార్లు ఫెయిల్. మళ్లీ పోతే వచ్చిన ఉద్యోగం పోతుంది.

పంపు నడపడం గురించి మూడు పేజీలు రాసింది, అన్నీ పెద్ద పెద్ద మాటలు. చదివి స్విచ్ వేశాను. మోటార్ తిరిగింది. చుక్క నీరు రాలేదు.

"ఏందన్నా, పంపులో నీళ్లు పొయ్యకనే వేసినారు?"

"కాగితంలో యాడుందమ్మా?"

"అది ఎవురికైనా తెలుస్తాది కదన్నా."

"నాకు తెలీదే" అన్నాను, మెకానిక్‌ని, ముఖం మార్చకుండా.

చిన్నప్పటి నుంచి ఆ పిల్ల తోటలో రోజూ పంపులో పోసిన నీళ్లు. అందుకే రాయాలని తోచలేదు.

పిల్ల ఏడ్చింది. బావ ఇంకో తెల్లకాగితం ఇచ్చాడు.

ఈసారి పది వరుసలే. మొదటిదే, పంపు నిండా నీళ్లు పోయండి అని. నాకు ఒక్క మాట కూడా అడ్డు పడలేదు. స్విచ్ వేస్తే నీళ్లు ఎగిరి ప్రిన్సిపాల్ చొక్కా తడిపాయి.

నిన్న ఆ అమ్మాయి హోసూరు నుంచి వచ్చింది. అక్కడ కంపెనీలో మాన్యువల్స్ రాస్తుంది.

"ఏం రాసినా ముందు మా వాచ్‌మన్ అన్నకు ఇచ్చి చదివిస్తానన్నా" అంది.

బావ కాళ్లకు మొక్కి, పక్కవాళ్లకు నన్ను చూపించి, "ఈయన మా ఎగ్జామినర్" అంది.

ఇక నిజం. ప్రిన్సిపాల్ ఆరోజు అక్కడ లేడు. పిల్ల మొదట రాసింది మూడు కాదు, ఒకటిన్నర పేజీ. పిల్ల ఏడవలేదు. ఏడ్చింది నేను, అదీ నిన్న.

ఎగ్జామినర్ అన్న మాట మాత్రం నేను కల్పించింది కాదు.

పోయిరా బావా. ఉన్నచోట నెమ్మదిగా ఉండు.