గరిక మీద అడుగులు

మా చిన్నది గోల్ఫ్ మైదానానికి అడ్డంపడి పరిగెత్తుకుంటూ నా దగ్గరికి వచ్చింది. దాని వెనక అడుగులన్నీ గడ్డి మీద అలాగే పడి ఉన్నాయి. అంతకుముందు పాదం తీయగానే గరిక లేచి నిలబడేది. ఈసారి లేవలేదు.

పిడుగురాళ్ల దగ్గర ఒక ఫ్యాక్టరీ కాలనీలో ఉండేవాళ్ళం. ఆఫీసర్లు ఆడుకునే ఆ చిన్న మైదానాన్ని చూసుకోవడం మావారి ఉద్యోగం. ఆ ఏడు వానల్లేవు. ఇళ్ళకీ, గడ్డికీ ఒకటే బోరు. అదీ ఆగి ఆగి పోసేది. గడ్డి చస్తే ఉద్యోగం పోతుంది, క్వార్టరూ పోతుంది.

"బంతి పడే గుంటల చుట్టూ ఉన్న నున్నటి గడ్డికే నీళ్ళు పెడతాను. మిగతాది ఎండనిస్తాను," అన్నారాయన.

"బతుకుతుందా?"

"గరికే కదా."

"ఆ మాట మేనేజరు గారితో అనండి."

ఆకులో నీళ్ళు తగ్గితే నిలబడే బలం ఉండదని డిగ్రీలో చదువుకున్నాను. నా కూతురి పాదం కింద చూస్తానని అనుకోలేదు.

మర్నాడు గుంటల దగ్గర తుంగ పీకడానికి మిరపచేలలో పనిచేసే ఆడవాళ్ళు వచ్చారు. మావారు అటు తిరిగొచ్చేసరికి ఒక మూల తుంగతో పాటు గరిక కూడా పోయి నేల బయటపడింది.

"ఇదేంటమ్మా?"

"చేలో ముందు లాగేది గరికనే కదండీ. చెయ్యి దానంతటదే పోయింది," అందొకామె.

పక్కనామె నవ్వింది. "దీనికి నీళ్ళు కూడా పెడతారంట. మా చేలోకి రండి, పెట్టకపోయినా ఉంటది. లాగి గట్టున పడేసినా చావదు."

ఆ మాట నన్ను వదల్లేదు. కొన్నాళ్ళకు మైదానం గోధుమరంగుకు తిరిగాక, ఎండిన చోట ఒక పెళ్ళ తవ్వి తెచ్చి పగిలిన బేసిన్‌లో పెట్టాను. బియ్యం కడిగిన నీళ్ళు పోస్తుంటే పెద్దవాడు, "చచ్చినదానికి అన్నం పెడుతున్నావా అమ్మా?" అన్నాడు. ఏమో, నాకూ తెలియదు. గోటితో కాడ గీకితే లోపల తెల్లగానే ఉంది. అది ప్రాణమో కాదో మాత్రం అర్థం కాలేదు. ఈలోగా మేనేజరు గారి జీపు మైదానం పక్కన ఆగి, ఎవరూ దిగకుండానే వెళ్ళిపోయింది.

ఒక సాయంత్రం నీళ్ళు పోయబోతే గణుపు దగ్గర సూదిమొనంత పచ్చటి మొలక. అన్ని గణుపులకూ లేదు. వంగి వెతికాను, ఇంకోటి కనిపించింది.

మావారు ఆ బేసిన్‌ను అలాగే మేనేజరు గారి దగ్గరికి పట్టుకెళ్ళారు. వాన పడేదాకా చూద్దామన్నారట ఆయన. అయితే, ఎండిన కాడల్ని తొక్కితే గణుపులు విరిగిపోతాయని మావారు ఇంటికొచ్చాక చెప్పారు.

పొద్దున్నే పిల్లలు బడికి అడ్డదారిన బయల్దేరబోయారు.

"మైదానంలోంచి వెళ్ళొద్దు. రోడ్డు మీదుగా తిరిగి వెళ్ళండి."

"ఎండిపోయింది కదమ్మా?" అంది చిన్నది.

"ఎండింది, చావలేదు. మీరు తొక్కితే చస్తుంది," అన్నాను.