దుఖాన్ మాఫీ

లింబాద్రికి అరబ్బీ వచ్చా అని ఎవరైనా అడిగితే వచ్చనే చెప్పేవాడు. సౌదీలోని దమ్మామ్‌లో ఎనిమిదేళ్లు గోదాములో పెట్టెలు మోసినవాడు రాదని చెప్పుకుంటే నామోషీ కదా. నిజానికి ఆ గోదాములో అరబ్బీ మాట్లాడేవాడు సంతకాలు పెట్టే ఆసామి ఒక్కడే. ఆయన కూడా వేలు చూపించి పని చేయించుకునేవాడు తప్ప నోరు తెరిచేవాడు కాదు. మిగతా అందరిదీ హిందీ. అట్లా జగిత్యాల పక్క పల్లె నుంచి అరబ్ దేశం వెళ్లి లింబాద్రి హిందీ నేర్చుకున్నాడు.

గోదాము మూతపడ్డాక కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, మారి ఉనైజా అనే ఊరికి వచ్చాడు. కొత్త కఫీల్ సులేమాన్‌కు ఖర్జూర తోట ఉంది. తోటలో ఇల్లు, ఇంటి ముందు అతిథులు కూర్చునే పెద్ద మజ్లిస్ గది, ఆ గది గోడలో కట్టెల పొయ్యి. ఎండాకాలమంతా లింబాద్రి చెట్లకు నీళ్లు పెట్టాడు. చలికాలం రాగానే పొయ్యి అప్పజెప్పారు. ఎడారంటే వేడి అని పుస్తకాల్లో రాసినవాళ్లెవరూ డిసెంబరులో ఉనైజా చూసి ఉండరు. అక్కడి చలికి పళ్లు వాటంతటవే మాట్లాడుకుంటాయి. కాబట్టి పొయ్యి పని దొరికినందుకు లింబాద్రి లోలోపల మురిసిపోయాడు. కట్టె వేయడం, సులేమాన్ తండ్రి గావా, అంటే అరబ్బు కాఫీ, కాచుకుంటుంటే పక్కన వెచ్చగా కూర్చోవడం, అంతే పని. పుట్టాక ఇంత సుఖమైన పని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఆ సుఖం మీద డాక్టరు దెబ్బకొట్టాడు. పెద్దాయన దగ్గుకు కారణం పొయ్యేనట. పీఎం అనే, వెంట్రుక కంటే సన్నని ధూళి పొగలో ఉండి ఊపిరితిత్తుల్లో దిగబడుతుందట. సులేమాన్ ఆ ధూళిని కొలిచే పెట్టె కొనుక్కొచ్చి మజ్లిస్‌లో పెట్టాడు. మంచిగాలి ఉంటే పచ్చదీపం, లేకపోతే ఎర్రదీపం, మధ్యలో అంకె.

ఆ ఇంటి డ్రైవరు ఇష్తియాక్ పాకిస్తాన్‌లోని ముల్తాన్‌వాడు. అరబ్బీ నుంచి హిందీలోకి లింబాద్రికి అతడే దిక్కు.

“పీఎం జ్యాదా హై,” అన్నాడు అంకె చూసి.

“ఎవరి పీఎం? మీదా, మాదా?” హిందీలోనే అడిగాడు లింబాద్రి.

“పెట్టెకు పాస్‌పోర్టు లేదు భాయ్. అందరిదీ కలిపే చూపిస్తుంది.”

సులేమాన్ పొయ్యిని గోడకట్టి మూసేస్తానన్నాడు. కరెంటు హీటరు మీద కాచింది గావా కాదనీ, పొయ్యి మూసేట్టయితే తననూ అందులో కూర్చోబెట్టి మూయమనీ పెద్దాయన అన్నాడు. చివరికి గురువారం దాకా గడువు కుదిరింది. ఆ రోజు చుట్టాలొస్తారు. వాళ్ల ముందు ఎర్రదీపం వెలిగితే శుక్రవారం ఇటుకలొస్తాయి.

“మరి నేను?” అన్నాడు లింబాద్రి.

“నువ్వు ఒంటెల దగ్గరికి,” అన్నాడు ఇష్తియాక్. “డెబ్బై కిలోమీటర్లు లోపలికి. అక్కడున్న మనిషి నాలుగేళ్లు ఒంటెలతోనే మాట్లాడాడు. ఇప్పుడు మనం సలాం చెబితే నెమరేస్తున్నాడు.”

సోమవారం పొద్దున ఇష్తియాక్ బండి రిపేరుకు పోయాడు. సులేమాన్ తన కారెక్కుతూ వేలెత్తి, “లింబాద్రీ! దుఖాన్ మాఫీ! ఖలాస్!” అని వెళ్లిపోయాడు.

మాఫీ అంటే లేదు, ఉండకూడదు అని. అది లింబాద్రికి తెలుసు. ఊళ్లో రుణమాఫీ జాబితాలో పేరు కోసం మూడుసార్లు తిరిగినవాడు కనుక ఆ మాట ఎక్కడ వినపడినా చెవులు నిక్కబొడుచుకునేవి. ఇక దుకాన్ అంటే, హిందీలో అయినా ఎక్కడయినా, దుకాణమే. అంటే దుకాణం బంద్. కట్టెలు ఇకమీద కొనొద్దు. బాగా ఉన్నవాళ్లకు పిసినారితనం ఇట్లాగే ఉన్నట్టుండి వస్తుందనుకుని, లింబాద్రి గొడ్డలి తీసుకొని తోటలోకి నడిచాడు.

పచ్చి ఖర్జూర మట్టలు కొట్టి మోపు కట్టి తెచ్చాడు. పొయ్యిలో కుక్కాడు. అవి అంటుకోకపోతే రెండు అట్టపెట్టెలు చింపి వేశాడు. కఫీల్‌కు ఇంత ఆదా చేసిపెట్టే పనివాడు ఉనైజాలో ఇంకొకడు ఉండడని గర్వపడేలోపే మజ్లిస్‌లో పొయ్యి ఎటుందో కనబడకుండా పోయింది. పెద్దాయన తలగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకొని గోడ తడుముకుంటూ బయటికొచ్చాడు. ఎర్రదీపం వెలిగింది, అంకె ఆరువందలు దాటింది, తర్వాత పెట్టె అరవడం మొదలుపెట్టింది. దానికి నోరు కూడా ఉందని అందరికీ ఆ రోజే తెలిసింది.

ఇంటికి తిరిగొచ్చిన సులేమాన్ పొగ చూసి వాకిట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. “దుఖాన్! దుఖాన్!”

“దుకాన్ మాఫీ, కఫీల్!” లింబాద్రి గుండె మీద చెయ్యేసుకున్నాడు. “అనా దుకాన్ రూహ్ మాఫీ! వల్లా!” దుకాణానికి పోనేలేదు, ఒట్టు అని.

ముక్కూ కళ్లూ కారుతున్న సులేమాన్ ఆకాశంలోకి చూశాడు. అప్పుడే బండి దిగిన ఇష్తియాక్ సంగతంతా విని నేలమీద కూలబడి నవ్వాడు.

“అరే భాయ్, దుకాన్ నహీ, దుఖాన్! ధువా, ధువా!”

పొగ. పొగ రావద్దన్నాడు ఆయన. ఒక్క ఒత్తు తేడాతో మనిషి ఒంటెల పాలవుతాడని చిన్నప్పుడు పంతులు చెప్పి ఉంటే లింబాద్రి అక్షరాలు ఇంకొంచెం శ్రద్ధగా దిద్దేవాడు.

మధ్యాహ్నం భార్యకు ఫోను చేసి ఒంటెల గండంతో సహా అంతా చెప్పాడు. ముత్యవ్వ బడిలో నూటముప్పై మంది పిల్లలకు అన్నం వండుతుంది. గ్యాసు నెలకు పది రోజులుంటుంది, మిగతా ఇరవై రోజులూ కట్టెలే.

“పచ్చి మట్టలు పెట్టినవా? నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది,” అంది ఆమె. “రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టి సూడు. టంగుమంటె ఎండింది, దబ్బుమంటె పచ్చిది. ఎండినదాన్నే సన్నగ చీల్చు. పొయ్యి నిండ కుక్కకు, కట్టెకు ఊపిరాడాలె. కింద దొడ్డువి, మీద సన్నవి వెట్టి మీదికెల్లి అంటువెట్టు.”

“మీదికెల్లి అంటువెడితె కిందికెట్ల కాలుతదే?”

“కొవ్వొత్తి ఎట్ల కాలుతదయ్యా?”

“గివన్ని నీకెవలు చెప్పిన్రు?”

“మండలాఫీసుల పొగ తక్కువ పొయ్యిల మీటింగు వెట్టిన్రు. బిర్యానీ వెడతరంటె పోయిన. పొగగొట్టం ఊడ్చినవా మరి?”

ఊడ్వలేదు. నిచ్చెనేసుకొని చూస్తే అందులో పావురాల గూడుంది. రెండు రోజులు లింబాద్రి గూడు తీశాడు, మసి గీకాడు, దుకాణానికి దర్జాగా వెళ్లి తుమ్మను పోలిన సమర్ కట్టెలు తెచ్చాడు. ఒక్కొక్క కట్టెనూ చెవి దగ్గర పెట్టుకొని కొట్టి చూస్తుంటే, ఇతను కట్టెలతో ఏం మాట్లాడుతున్నాడని దుకాణంవాడు ఇష్తియాక్‌ను పక్కకు పిలిచి అడిగాడు.

గురువారం పొద్దువాలే వేళ అసర్ నమాజు తర్వాత చుట్టాలొచ్చారు. మంట పైనుంచి కిందికి నింపాదిగా దిగుతోంది. పొగ ఉన్న కాస్తా గొట్టంలోకి పోతోంది. పెట్టెలో పచ్చదీపం, ఇరవై ఎనిమిది. పెద్దాయన గావా పోస్తూ మూడుసార్లు ఆ అంకె చదివి వినిపించాడు. లింబాద్రి గోడకు ఆనుకొని మొదటిసారి ఊపిరి పీల్చుకున్నాడు.

పెట్టె ఎర్రబడింది. నూట తొంభై. రెండు వందల పది.

సులేమాన్ లింబాద్రి వైపు చూశాడు. లింబాద్రి పొయ్యిలోకి చూశాడు. మంటలో తప్పేం లేదు. మరెక్కడిది? తల తిప్పితే సులేమాన్ చేతిలోనే ఉంది ఊదు కాల్చే ధూపదాని. అతిథులకు మర్యాదగా ఒక్కొక్కరి ముందూ పెడుతున్నాడు. వాళ్లు ఆ పొగను గడ్డాల్లోకి, తలగుడ్డల్లోకి విసురుకుంటున్నారు.

చెప్పడానికి లింబాద్రికి అరబ్బీ చాలదు. నోరు జారి ఇంకో మాట తప్పితే ఒంటెలు. అందుకని పెట్టె ఎత్తుకొని పొయ్యి పక్కన పెట్టి నిలబడ్డాడు. కాసేపటికి అంకె డెబ్బైకి దిగింది. తర్వాత దాన్ని తెచ్చి ధూపదాని పక్కన పట్టుకున్నాడు. పెట్టె నోరు తెరిచి అరిచింది.

ముందు పెద్దాయనే నవ్వాడు. ఏదో అన్నాడు. మజ్లిస్ మొత్తం గొల్లుమంది.

“ఏమంటున్నాడు?”

“ఇటుకలు తెప్పించండి, కొడుకును మూసేద్దాం అంటున్నాడు,” అన్నాడు ఇష్తియాక్.

సులేమాన్ ధూపదాని పట్టుకొని వాకిట్లోకి నడిచాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఊదు వేసే మర్యాద గేటు దగ్గరే. ఇటుకలు రాలేదు. ఒంటెల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

శుక్రవారం లింబాద్రి ఫోను చేశాడు.

“ఒంటెల కాడికి పంపిన్రా?” అంది ముత్యవ్వ ఎత్తగానే.

“లే. నిన్న వచ్చినోళ్లందరు వాళ్ల ఇండ్లల్ల గూడ పొయ్యి సక్కజెయ్యాల్నని పట్టువట్టిన్రు. ఏడు పొయ్యిలు. కఫీలు సరే అన్నడు.”

“నిన్నడిగిండా?”

“నన్నెందుకడుగుతడే.”

ముత్యవ్వ అంది: “పెండ్లయి ఇరవై రెండేండ్లాయె. మనింట్ల ఒక్కనాడన్న పొయ్యి ముట్టిచ్చినవా?”

“నాకు రాకపాయె గదా.”

“ఇప్పుడొచ్చె గదా. సెలవు మీద వస్తివా, నేను లేచే వరకు పొయ్యి మండుతుండాలె, చాయ్ తయారుండాలె.”

బయట ఇష్తియాక్ హారన్ కొట్టాడు. మొదటి ఇంటివాళ్లు ఎదురుచూస్తున్నారట. లింబాద్రి గొడ్డలి భుజాన వేసుకొని, సిగ్నల్ సరిగ్గా లేదని చెప్పి ఫోను పెట్టేశాడు.